చెయ్యి ఎత్తాను

15 జూన్ 1998, సోమవారం

ఇది పోయినేడాది డైరీ. హెడ్డాఫీసులో మిగిలిపోతే అడిగి తెచ్చుకున్నాను. తేదీ పక్కన అచ్చేసిన వారం ఒక రోజు వెనకబడి ఉంటుంది. రోజూ దాన్ని కొట్టేసి పైన సరైనది రాసుకోవాలి. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. నాగేశ్వరి దీన్ని జబ్బంటుంది. ముప్ఫై ఏళ్ళుగా కాపురం చేస్తోంది కాబట్టి అనే హక్కు ఉంది.

ఇవాళ జాగ్రత్తల బోర్డు వచ్చింది. చందానగర్ పెయింటరు సైకిలు వెనక కట్టుకుని కొండాపూర్ సైటుదాకా తెచ్చి ఇచ్చాడు. పసుపు మీద నల్లక్షరాలు. ఒక్క దీర్ఘం కూడా తప్పు పోలేదు. ప్రతి మాటా సైటు ఫోర్‌మన్‌గా నేను రాసిందే. వానాకాలం వచ్చిందంటే రోజుకో టిప్పరు బురదలో దిగబడుతుంది. దాన్ని బయటికి తియ్యడానికి మాకో రికవరీ లారీ, దాని వెనక వించి, ఆ వించి డ్రమ్ముకు చుట్టిన ఇనపతాడు. ఆ తాడు బిగిసినప్పుడు ఎవరూ దాని దగ్గరికి పోకూడదు, దాన్ని దాటకూడదు. కొక్కేనికి వేసే పిన్ను చివరిదాకా బిగించాలి. తాడు మధ్యలో తడి గోనెసంచి వెయ్యాలి, తెగినా ఎగిరి మనిషిని కొట్టకుండా. తాడు ఎంత పొడవుంటే అంత దూరం అందరూ తప్పుకోవాలి. సైగ ఒక్కరే చెయ్యాలి, అది చేత్తోనే చెయ్యాలి. నోటితో చెప్పాల్సి వస్తే రెండే మాటలు. లాగు. ఆగు.

వించి మీటల దగ్గర పనిచేసే యాదయ్య బోర్డంతా వేలు పెట్టి చదివాడు. కొండాపూర్ వాడే. పన్నెండేళ్ళుగా ఇదే పని.

"సారు, లాగు కాడ గుంజు అని రాయిస్తే అయిపోవు. ఇంజను మోతల ఆగు, లాగు ఒక్కతీర్గనే ఇనవడ్తయి" అన్నాడు.

కొక్కెం తగిలించే తిరుపతి పక్కనే ఉన్నాడు. యాదయ్య ఇంటి పక్కిల్లే అతనిది. ముప్ఫై ఏళ్ళవాడు, ఊరికే నవ్వుతుంటాడు. "లాగంటే మా దిక్కు నిక్కరు సారు. నిక్కరు, ఆగు అని రాసిన్రు మీరు" అన్నాడు.

నేనూ నవ్వాను. గుంజు అనేది నోటి మాట, బోర్డు మీద రాసే మాట కాదని చెప్పాను.

"మీ ఇష్టం సారు" అన్నాడు యాదయ్య.

బోర్డు బాగుంది. రేపు మేకులు కొట్టించాలి.

22 జూలై, బుధవారం

నిన్న రాయలేదు. ఇవాళా రాయబుద్ధి కావడం లేదు.

23 జూలై, గురువారం

పొద్దున్నే కాఫీ తాగి రాస్తున్నాను. రాసి పెట్టుకుంటే మర్చిపోకుండా ఉంటుంది. హెడ్డాఫీసు వాళ్ళు అడుగుతారు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి చెరువు కట్ట పక్కన మట్టి తోలే టిప్పరు ఇరుసుదాకా దిగబడింది. వాన పడుతోంది. రికవరీ లారీ తెప్పించాను. యాదయ్య మీటల దగ్గర నిలబడ్డాడు. తిరుపతి తాడు లాక్కెళ్ళి టిప్పరు ముందున్న కొండీకి తగిలించాడు. నేను పక్కగా, ఇద్దరికీ కనబడేటట్టు నిలబడ్డాను. తిరుపతి తగిలించి వెనక్కి వస్తున్నవాడల్లా మళ్ళీ టిప్పరు వైపు తిరిగాడు. పిన్ను సరిగా బిగియలేదని అతనికి అనుమానం వచ్చింది. అతను వంగడం చూశాను. గోనెసంచి ఇంకా వెయ్యలేదు. వెంటనే ఆగు అని అరిచాను. చెయ్యి ఎత్తాను.

యాదయ్య లాగాడు.

తాడు బిగిసింది. సగమే ఎక్కిన పిన్ను ఊడింది. తాడు చివర కొక్కెంతో సహా ఎగిరి తిరుపతి కుడి కాలి మీద పడింది, మోకాలి కింద. ఆ చప్పుడు గురించి రాయను.

ఆగు అని అరిచాను. చెయ్యి ఎత్తాను. అంతకంటే ఎవరైనా ఏం చేస్తారు?

నాగేశ్వరి గొడుగు ఏదని అడిగింది. బస్సులో మర్చిపోయానన్నాను.

24 జూలై, శుక్రవారం

చెయ్యి ఎత్తాను.

25 జూలై, శనివారం

రిపోర్టు ఇంగ్లీషులో ఇమ్మన్నారు. సైటాఫీసులో కొత్తగా పెట్టిన కంప్యూటరు మీద కుర్రాడు టైపు చేస్తుంటే నేను చెప్పాను. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఇన్ని రిపోర్టులు రాశాను కానీ ఇంత త్వరగా ఎప్పుడూ తెమల్లేదు. "ఫోర్‌మన్ స్టాప్ అని అరిచి చెయ్యి ఎత్తాడు. ఆపరేటరు పుల్ చేశాడు." ప్రింటు తీసి చూపించాడు. చాలా శుభ్రంగా ఉంది. తప్పులు లేవు. సంతకం పెట్టాను.

పూణె నుంచి పెద్దాఫీసరు వస్తాడట విచారణకి. ఆయనకి తెలుగు రాదు. మాటలు నేనే మార్చి చెప్పాలన్నారు. నేనైతే రెండూ బాగా వచ్చినవాణ్ణి కదా అన్నారు.

యాదయ్య పనిలోకి వస్తున్నాడు కానీ మీటలు ముట్టుకోనివ్వడం లేదు. బోర్డు కింద కూర్చుంటున్నాడు పొద్దస్తమానం. నేను అటు వెళ్ళడం లేదు.

28 జూలై, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళాను. బత్తాయిలు తీసుకెళ్ళాను. తిరుపతి నిద్రలో ఉన్నాడు. మాట్లాడలేదు. అతని భార్య సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కాలు ఉంటుందో ఉండదో రెండ్రోజుల్లో చెబుతారట. యాదయ్య గురించి అడిగితే చెప్పింది. "యాదన్న దినాం వస్తడు సారు. బయట బల్ల మీద కూసుంటడు. లోపటికి రమ్మంటె రాడు. ఇంటికాడ గూడ మా అరుగు మీదికి వచ్చి లేచి పోతడు" అంది.

బయటికి వస్తుంటే యాదయ్య కనబడ్డాడు. లేచి నిలబడ్డాడు. నాకు బస్సు టైమైందని చెప్పాను.

30 జూలై, గురువారం

విచారణ జరిగింది. సైటాఫీసు గదిలో ముగ్గురమే. పూణె ఆయన, నేను, యాదయ్య. ఆయన పెద్దమనిషి, కేకలు వెయ్యలేదు. యాదయ్యని కూర్చోమన్నాడు. యాదయ్య కూర్చోలేదు.

"సారు లాగు అన్నడని ఇనవడ్డది. అందుకే గుంజిన" అన్నాడు.

నేను ఇంగ్లీషులోకి మార్చాను. పుల్ అని వినబడిందట సార్, అన్నాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తియ్యలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. స్టాప్ అంటే పుల్ అని ఎట్లా వినబడుతుందని అడగమన్నాడు. అడిగాను. యాదయ్య నా మొహంలోకి చూశాడు. నేను చెబుతానని చూశాడేమో తెలియదు. 

"నా చెవులే కరాబైనయేమో సారు" అన్నాడు యాదయ్య.

అదీ మార్చి చెప్పాను. అయితే చెవుల డాక్టరుకి చూపించండి అన్నాడాయన. చెవులు చెడిపోయి ఉంటే వించి మీద పెట్టకూడదు. చెవులు బాగుంటే నిర్లక్ష్యం. ఎటు చూసినా యాదయ్య ఉద్యోగం ఉండదు. నిర్లక్ష్యమైతే పోలీసులకి పేరు కూడా ఇస్తారు, అదొక్కటే తేడా. ఆయన ఇది చాలా నెమ్మదిగా చెప్పాడు.

మాటకి మాట సరిగ్గానే మార్చాను. నా అనువాదంలో తప్పు పట్టమనండి ఎవర్నైనా.

1 ఆగస్టు, శనివారం

మోకాలి కింద తీసేశారు.

నాగేశ్వరి పెరుగన్నం కలిపి పెట్టింది. తినలేకపోయాను. ఆవిడ కంచం తీసుకుని వెళ్ళిపోయింది. ఒళ్ళంతా ఇసుక బస్తాలాగా ఉంది. లేస్తే కూర్చోవాలనీ, కూర్చుంటే పడుకోవాలనీ అనిపిస్తోంది.

5 ఆగస్టు, బుధవారం

యాదయ్యని కోఠీలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బస్సులో రెండు గంటలు. పక్కపక్కన కూర్చున్నాం. ఏమన్నా మాట్లాడతాడేమోనని భయపడుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇంకా కడుతున్న ఒక పెద్ద గుండ్రటి అద్దాల భవనం దాటుతున్నప్పుడు మాత్రం "దీని పునాదికి మట్టి తీసిన లారీలను గూడ మనమే గుంజినం సారు" అన్నాడు. గుర్తుందన్నాను.

డాక్టరు అతన్ని గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి ఏవో తగిలించి చప్పుళ్ళు వినిపించాడు. వినబడిన ప్రతిసారీ చెయ్యి ఎత్తమన్నాడు. యాదయ్య ప్రతిసారీ చెయ్యి ఎత్తాడు. బయటినుంచి అద్దంలో చూస్తూ ఉన్నాను. మధ్యలో తల తిప్పేసుకున్నాను.

చెవులు రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయట. ఈ వయసులో, ఇంజను పక్కన పన్నెండేళ్ళు పనిచేసి, ఇంత బాగుండటం అరుదని మెచ్చుకున్నాడు డాక్టరు. కాగితం చేతికిచ్చాడు. యాదయ్య మొహం వాడిపోయింది.

వచ్చేటప్పుడు అడిగాను. ఆ రోజు నా చెయ్యి కనబడలేదా అని.

"వాన కండ్లల్ల కొట్టవట్టె సారు. సక్కగ కనవడలే. మీరు ఎత్తిన అన్నరు గద, ఎత్తే ఉంటరు" అన్నాడు.

దిగేముందు సంచీలోంచి నా గొడుగు తీసి ఇచ్చాడు. "ఆ దినం బురదల వడ్డది. కడిగి ఆరవెట్టిన. తెచ్చియ్యాలె అనుకుంటనే ఉన్న" అన్నాడు.

గొడుగు తీసుకున్నాను.

6 ఆగస్టు, గురువారం

గొడుగు మూల పెట్టాను. నాగేశ్వరి చూసింది. బస్సులో దొరికిందా అంది. దొరికిందన్నాను.

9 ఆగస్టు, ఆదివారం

పొద్దున్న నాగేశ్వరి మిక్సీలో పచ్చడి వేస్తోంది. నేను హాల్లో పేపరు చదువుతున్నాను. పాలవాడు గుమ్మంలోకి వచ్చాడు. ఆ మోతలో అతను చెప్పేది వినబడక, ఆగు అని వంటింట్లోకి కేకేశాను.

ఆవిడ మిక్సీ ఆపకుండానే, "ఏం లాగమంటారు? తలుపా?" అంది.

పాలు తీసుకున్నాను. అతను వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను కాసేపు. తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, మళ్ళీ మిక్సీ వెయ్యమన్నాను. గోడ వైపు తిరిగి నిలబడమన్నాను. నేను రెండు మాటల్లో ఒకటి అరుస్తాను, ఏది వినబడితే అది చెప్పాలన్నాను.

"మీకేమైనా అయిందాండీ?" అంది. అయినా తిరిగి నిలబడింది.

పదిసార్లు అరిచాను. కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. ఆవిడ సరిగ్గా చెప్పింది నాలుగుసార్లు. తప్పిన ఆరింటిలో ఐదు, నేను ఆగు అంటే ఆవిడకి లాగు అని వినబడినవే. నాగేశ్వరి చెవులు పక్కింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా పట్టే చెవులు.

ఆ తర్వాత గుంజు అని అరిచాను. అంతకు ముందు చెప్పకుండానే.

"గుంజు అంటున్నారేంటి, ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అంది వెంటనే.

మిక్సీ ఆపేసింది. నన్ను చూసి ఇటు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

10 ఆగస్టు, సోమవారం

ఇది నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇన్ని రోజులుగా ఇందులో అబద్ధం ఎందుకు రాసుకున్నానో అర్థం కావడం లేదు. రాస్తే నిజమైపోతుందనుకున్నానేమో. దిద్దుతాను.

చెయ్యి ఎత్తలేదు. కుడిచేతిలో గొడుగు ఉంది. ఎడమచేతిలో లాగ్‌బుక్కు ఉంది, తడవకుండా చంకలో నొక్కుకుని పట్టుకున్నాను. తిరుపతి వంగడం చూసి నోటితో అరిచాను. గొడుగు వదిలేసింది ఆ తర్వాత, తాడు ఎగిరాక. అప్పుడు చెయ్యి ఎత్తి ఉంటాను. అప్పుడు ఎత్తి ఏం లాభం?

ఇంకొకటి. ఆ లారీ దగ్గర నేను నోటితో ఆగు అని ఎప్పుడూ అనలేదు. ఆపాలంటే ప్రతిసారీ చెయ్యే ఎత్తేవాణ్ణి. లాగమనడానికే నోరు వాడేవాణ్ణి. ఇన్నాళ్ళుగా నా గొంతు వినబడిందంటే లాగమనే అర్థం. యాదయ్య అలవాటు ప్రకారం చేశాడు. ఆ అలవాటు నేను చేసిందే.

ఇంకొకటి. యాదయ్య నాకు ముందే చెప్పాడు. జూన్ పదిహేను. ఈ డైరీలోనే ఉంది, నా చేత్తో రాసిందే. ఒక్కతీర్గనే ఇనవడ్తయి అన్నాడు. నవ్వాను.

ఆఖరిది. ఇరవై ఎనిమిదో తారీఖున తిరుపతి నిద్రలో లేడు. నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. ఆ మనిషి ఆ కాలుతో నాకు మర్యాద ఇవ్వడానికి లేవబోయాడు. కూర్చున్నాక తనంతట తానే చెప్పాడు. "యాదన్నను ఏమనకున్రి సారు. నాకు గూడ లాగు అనే ఇనవడ్డది. మీరు లాగు అన్నరని చేతులు తీసి పక్కకు ఉరికిన. అందుకే కాలుకు తాకింది. లేకుంటె తలకాయకు తాకుతుండె." నవ్వాడు కూడా. నాకు అంత దగ్గరగా ఉన్నవాడికే లాగు అని వినబడింది. ఆ మాట విని రెండు రోజులకి పూణె ఆయన ముందు కూర్చుని, పుల్ అని వినబడిందట సార్, అన్నాను.

ఇంగ్లీషులో స్టాప్, పుల్ ఎక్కడా కలవవు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసే ఊరుకున్నాను. తెలుగు గురించి ఇంత పట్టింపు ఉన్నవాణ్ణి, తెలుగు చెబితేనే ఆ మనిషి బతుకుతాడన్నప్పుడు ఇంగ్లీషు మాట్లాడి కూర్చున్నాను.

నాకు రెండేళ్ళ సర్వీసు ఉంది. అదీ రాయాలి. దాని గురించే భయపడ్డాను.

11 ఆగస్టు, మంగళవారం

గురువారం పూణె ఆయన మళ్ళీ వస్తాడు. యాదయ్యని తీసేస్తున్నట్టు కాగితం, పోలీసు స్టేషనుకి ఇంకో కాగితం. తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకునే పని నాదేనట.

12 ఆగస్టు, బుధవారం

రేపు.

13 ఆగస్టు, గురువారం

అదే గది. అవే మూడు కుర్చీలు. యాదయ్య ఇవాళ కూడా కూర్చోలేదు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పూణె ఆయన కాగితం నా ముందుకు జరిపాడు. మొదటి వాక్యం చదువుకున్నాను. నిర్లక్ష్యం అనే మాట దగ్గర ఆగిపోయాను.

నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. సార్, నా రిపోర్టులో నేను అరిచింది స్టాప్ అని రాశాను. కానీ నేను స్టాప్ అని అరవలేదు. తెలుగులో అరిచాను. స్టాప్‌ని తెలుగులో ఆగు అంటారు. పుల్‌ని లాగు అంటారు.

ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. మూడోసారి చెప్పమన్నాడు.

రెండూ ఒకటేలాగా ఉన్నాయే, అన్నాడు.

అవును సార్. ఈ మనిషి ఆ సంగతి జూన్‌లోనే చెప్పాడు. నేను వినలేదు. దెబ్బ తగిలినవాడికి కూడా లాగు అనే వినబడింది. అతను నాతో చెప్పి రెండు వారాలైంది. ఇంకొకటి సార్, చెయ్యి ఎత్తానని రాశాను. ఎత్తలేదు. చేతిలో గొడుగు ఉంది.

మరి ఎందుకు అలా రాశారని అడిగాడు.  రాసింది నేనే సార్ అన్నాను.

చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. రెండు కాగితాలూ వెనక్కి తీసుకున్నాడు. నన్ను తెలుగులో జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వమన్నాడు. అక్కడే కూర్చుని నాలుగు పేజీలు రాశాను. ఎక్కడా కొట్టివేతలు లేవు. ఇంగ్లీషు చెయ్యడం వేరే ఎవరితోనో చేయిస్తానన్నాడు. అది న్యాయమే.

యాదయ్యకి ఆగు, లాగు తప్ప ఒక్క ముక్కా అర్థం కాలేదు. బయటికి వచ్చాక, "ఏమన్నరు సారు లోపట?" అని అడిగాడు. బోర్డు దగ్గర నిలబడి అంతా చెప్పాను. గొడుగుతో సహా. చెప్తున్నంతసేపూ నేల చూస్తూ విన్నాడు. ఉద్యోగం ఉంటుంది, ఫికర్ లేదు, అన్నాను. అతని మాట వాడితే బాగుంటుందని వాడాను. బాగుండలేదు.

"గొడుగు ఎరికె సారు" అన్నాడు. "బురదలకెళ్ళి తీసినప్పుడే ఎరికైంది. మీరే చెప్తరు అనుకున్న."

రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు.

"ఇరవై మూడు దినాలు సారు. ఇరవై మూడు దినాలు నా చెవులను నేనే తిట్టుకున్న. తిరుపతి పిల్లల మొకం చూడలేకపోయిన. ఆ చెవుల డాక్టరు మంచిగున్నయి అంటె, గవి కోసి పారేద్దామనిపించింది."

గొంతు పెంచలేదు. తిడితే బాగుండుననిపించింది. బోర్డు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. అతను ఆసుపత్రి వైపు వెళ్ళే బస్సు ఎక్కడం చూశాను.

17 ఆగస్టు, సోమవారం

నా కాగితం వచ్చింది. బుధవారం తర్వాత మియాపూర్ స్టోర్సులో చేరాలి. సైటు పని ఇక ఉండదు. నట్లు, బోల్టులు, గ్రీజు డబ్బాలు. తక్కువే శిక్షించారు. యాదయ్య మళ్ళీ మీటల దగ్గరికి వెళ్ళాడు. తిరుపతికి ఏం చేస్తారో ఇంకా తేలలేదు. కూర్చుని చేసే పని ఇవ్వమని నేనూ రాశాను, యాదయ్యా కూలీల వేలిముద్రలు వేయించిన అర్జీ పట్టుకుని తిరుగుతున్నాడు. మా ఇద్దరి కాగితాలూ ఒకే ఫైలులో ఉన్నాయట.

నాగేశ్వరితో చెప్పాను, మొత్తం. "మిక్సీ వేయించిన రోజే అనుకున్నాను, ఏదో ఉందని" అంది. తర్వాత, "మియాపూర్ అయితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు కదండీ" అంది. ఆవిడ ఓదార్పు ఇలాగే ఉంటుంది.

18 ఆగస్టు, మంగళవారం

పెయింటరుకి కొత్త బోర్డు మాటలు రాసి ఇచ్చాను. మిగతావన్నీ ఉంచాను. సైగ చేతితోనే, చేతిలో ఏ వస్తువూ ఉండకూడదు అని ఒక ముక్క కలిపాను. నోటితో అయితే రెండే మాటలు అన్నచోట చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. తర్వాత రాశాను. గుంజు. ఆగు.

ఇరవై ఏడేళ్ళు రాసినా, ఆ మాట రాయడం ఇదే మొదటిసారి. సున్న ఉందో లేదో అని ఒకసారి చూసుకున్నాను.

19 ఆగస్టు, బుధవారం

ఆఖరి రోజు. మధ్యాహ్నం వాన. రెండింటికి కట్ట పక్కనే, దాదాపు అదే చోట, ఇంకో టిప్పరు దిగబడింది. సైగ చెయ్యడానికి కొత్త ఫోర్‌మన్ ఇంకా రాలేదు. నన్ను నిలబడమన్నారు, ఈ ఒక్కసారికి. గొడుగు ఆఫీసులోనే పెట్టి వెళ్ళాను.

కొక్కెం తగిలించడానికి యాదయ్య వరసకి తమ్ముడయ్యే పుల్లయ్య వచ్చాడు. పిన్ను బిగించాడు. గోనెసంచి తడిపి వేశాడు. దూరంగా జరిగాడు. నేను చెయ్యి తిప్పి సైగ చేసి, గుంజు అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇంజను మోతలో కూడా స్పష్టంగా వినబడింది. యాదయ్య మీట వేశాడు. తాడు మెల్లగా పైకి లేచి బిగిసింది. నీళ్ళు కారుతున్నాయి దాన్నుంచి.

అప్పుడు నాకు పిన్ను మీద అనుమానం వచ్చింది. చూశాను, పుల్లయ్య బిగించడం నా కళ్ళతో చూశాను. అయినా అనుమానం. ఒకసారి దగ్గరికెళ్ళి చూసి వద్దామని అడుగు వేశాను. రెండో అడుగు వేశాను. బిగిసిన తాడు వైపు నడుస్తున్నానని నాకు తెలియలేదు. నా బోర్డు మీద అన్నిటికంటే ముందు రాసిన మాట అదే.

ఇంజను మోత తగ్గింది. తలెత్తి చూశాను.

మీటల దగ్గర యాదయ్య చెయ్యి ఎత్తి నిలబడి ఉన్నాడు. వానలో, భుజం పైదాకా, ఐదు వేళ్ళూ తెరిచి. నోరు తెరవలేదు. నన్నే చూస్తున్నాడు.

నేను ఆగాను.